చిన్నామె ఎందుకు కూర్చుంది

ఆదివారం ప్రసంగం ఎక్కడ తయారవుతుందని సంఘంలో ఎవరిని అడిగినా, ఇంకెక్కడ, ప్రార్థనలో పాస్టరు అయ్యగారి మోకాళ్ళ మీద అంటారు. నిజానికి అది శనివారం మధ్యాహ్నం వంటింట్లో, ఉల్లిపాయ పొట్టు పక్కన తయారవుతుంది. అయ్యగారు ఏ భాగం మీద మాట్లాడాలనుకుంటున్నారో ఒక్క ముక్కలో చెప్పి పడక్కుర్చీలో ఒరుగుతారు. ఆయన భార్య ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కూర పడేసి, గట్టు మీద పుస్తకాలు పరుచుకుని, మూడు ముఖ్యాంశాలు, రెండు ఉదాహరణలు, కన్నీళ్ళు తెప్పించే ఒక ముగింపు కాగితం మీద పెట్టి ఇస్తుంది. కన్నీళ్ళు తెప్పించే ముగింపులంటే అయ్యగారికి ప్రాణం. అయితే ఆ కన్నీళ్ళు వినేవాళ్ళకి రావాలి, రాసినావిడకి రాకూడదు.

ఆ పుస్తకాలు కూడా అయ్యగారు సంపాదించినవి కావు. క్రైస్తవ వేదాంత కళాశాలలో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఓ ముసలి మాస్టారు పోతూ పోతూ సంఘానికి రాసిచ్చాడు. అయ్యగారు వాటిని ముందుగదిలో అద్దాల బీరువాలో సర్దించి, బీరువా ముందు నిలబడి ఫొటో దిగారు. తెరిచింది మాత్రం ఆమే. పదమూడేళ్ళ కాపురంలో ఆ బీరువా తాళంచెవి ఒక్కటే ఆమెకి అడక్కుండా దొరికిన వస్తువు.

ఆ శనివారం అయ్యగారు చెప్పిన భాగం తమ్ముడు చనిపోయిన ఇద్దరు అక్కచెల్లెళ్ళది. సువార్తలో అందరికీ తెలిసిన సంగతే. తమ్ముడు జబ్బు పడితే వాళ్ళు ప్రభువుకి కబురు పెట్టారు. ఆయన ఆలస్యంగా, సమాధి చేసిన నాలుగో రోజుకి వచ్చాడు. ఆయన వస్తున్నాడని విని పెద్దామె ఊరి బయటికి ఎదురెళ్ళింది. చిన్నామె ఇంట్లో కూర్చుంది.

"మూడు పాయింట్లు చాలు," అన్నారు అయ్యగారు కళ్ళు మూసుకునే. "పెద్దామె లేచి ఎదురెళ్ళింది, అది విశ్వాసం. చిన్నామె అలిగి ఇంట్లో కూర్చుంది, అది అవిశ్వాసం. మనం ఎవరిలా ఉన్నాం? అంతే. చివర్లో మన ఇంటి సంగతి నేను పెట్టుకుంటాలే."

ఈ భాగం ఈ వారమే ఎందుకో ఆమెకి తెలుసు. సంఘంలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆవిడ పన్నెండేళ్ళ కూతురు బుధవారం స్కూలు నుంచి వస్తూ రోడ్డు దాటబోతూ బండి గుద్ది పోయింది. గురువారం సమాధి చేశారు. అప్పటి నుంచీ టైలరమ్మ నేల మీద నుంచి లేవడం లేదు. వీధి చివరికి వినపడేలా ఏడుస్తోంది. 'వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చే దిక్కు లేదయ్యగారూ, మీరైనా చెప్పండి' అని ఆవిడ అత్తగారు శుక్రవారం పొద్దున్నే ఇంటికొచ్చి మొరపెట్టుకుంది.

ఇక 'మన ఇంటి సంగతి' అంటే టీ సంగతి.

పదకొండు నెలల కింద ఈ ఇంట్లో కూడా ఒక పిల్ల పోయింది. ఏడేళ్ళ పిల్ల, నాలుగు రోజుల జ్వరం. పొద్దున పదింటికి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి ఇల్లంతా జనం. ఆమె గుమ్మంలోనే కూలబడింది. అత్తగారు రెక్క పట్టుకుని లేపింది. "అమ్మాయ్, జనం ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు. పాస్టరుగారి భార్యవి, నువ్వే ఇలా కూలబడితే ఇక విశ్వాసులకి ధైర్యం చెప్పేదెవరు? లే, కాస్త టీ పడెయ్యి." ఆమె వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంటుందనుకుంది. "ఏడవకు. పాప ప్రభువు దగ్గరుంది. ఏడిస్తే ఆయన్ని నమ్మనట్టే," అని చెప్పి, ఎన్ని కప్పులు కావాలో కూడా చెప్పి వెళ్ళారు. ఆమె మూడు విడతలు టీ పెట్టింది, అరవై మందికి. చక్కెర సరిపోయిందా అని అడిగింది కూడా. జనం ముక్కున వేలేసుకున్నారు. ఎంత విశ్వాసం, ఎంత విశ్వాసం అన్నారు. ఆ మాట అయ్యగారి చెవిన పడింది, అంతే, అప్పటి నుంచీ ఆ టీ ఊళ్ళు తిరుగుతోంది. ఎక్కడ సభలు జరిగినా అయ్యగారు ఆ టీ దగ్గరికి వచ్చాకే ప్రసంగం ముగిస్తారు. "నా బిడ్డ పెట్టెలో ఉంది. నా భార్య చేతిలో టీ పళ్ళెం ఉంది. కంటి నుంచి ఒక్క చుక్క రాలితే ఒట్టు!" అంటారు. జనం స్తోత్రం అంటారు. ఆమె ముందు వరసలో తల వంచుకుని కూర్చుంటుంది. వినయం అనుకుంటారు.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరింట్లో చావు జరిగినా ఆమెని పంపడం మొదలైంది. దెబ్బ తగిలిన చోటికి కట్టు పట్టుకెళ్ళినట్టు, ఏడుపు ఉన్న చోటికి ఆమెని తీసుకెళ్ళేవాళ్ళు. వాచ్‌మన్ భార్యని లేపింది. స్కూల్లో ఆయాగా పనిచేసే ఆవిడని లేపింది. కవల పిల్లల్లో ఒకర్ని పోగొట్టుకున్న ఇరవై ఏళ్ళ పిల్లని కూడా లేపింది. 'చూడమ్మా, నేనూ తల్లినే, నేను ఏడవలేదు' అని చెప్పేది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చేదో ఆమెకే తెలియదు. ఆ ఇరవై ఏళ్ళ పిల్ల కళ్ళు తుడుచుకుని, లేచి, గ్లాసులు కడిగి, ఆమెకే టీ తెచ్చి ఇచ్చింది. ఆమె తాగింది.

కూర ఉడుకుతుంటే ఆమె మాస్టారి పుస్తకాల్లో ఒక లావు పుస్తకం తీసింది. యూదుల ఇళ్ళల్లో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ ఎలా జరిగేవో చెప్పే పుస్తకం అది. పాయింట్లు ఎలాగూ మూడే, ఉదాహరణకి పనికొచ్చేది ఏమైనా దొరుకుతుందేమోనని తీసింది. దుఃఖం గురించిన అధ్యాయంలో మాస్టారు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాడు, చాలా ముదురుగా. కాగితం చిరిగిందేమో అన్నంత.

యూదుల ఇంట్లో తల్లో, తండ్రో, బిడ్డో, తోబుట్టువో పోతే ఏడు రోజులు కూర్చుంటారట. నిజంగానే కూర్చుంటారు, నేల మీద. చెప్పులు వేసుకోరు. పని చెయ్యరు. పొయ్యి వెలిగించరు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక తినే మొదటి ముద్ద సొంత ఇంటిది కాకూడదు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టాలి. వచ్చినవాళ్ళు ముందుగా నోరు విప్పకూడదు, దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడేదాకా పక్కన ఊరికే కూర్చోవాలి. ఎంత పెద్దవాడు వచ్చినా, జాతికి నాయకుడే వచ్చినా, ఆ మనిషి లేచి నిలబడనక్కర్లేదు. ఏడు రోజుల ఆచారం ప్రభువు పుట్టకముందు నుంచీ ఉన్నదేననీ, మిగతా వివరాలు తర్వాతి తరాలవాళ్ళు రాసిపెట్టుకున్నారనీ మాస్టారు అంచుల్లో చిన్న అక్షరాలతో నిజాయితీగా రాసుకున్నాడు. దాని కింద ఇంకో వాక్యం రాశాడు. 'చిన్నామె అలగలేదు. నాలుగో రోజు కనుక కూర్చుంది. నలభై ఏళ్ళు తప్పు చెప్పాను.'

ఆమె గరిటె పక్కన పెట్టేసింది. ఎన్నిసార్లు చదివింది ఆ కథ! ఎన్నిసార్లు ఆ చిన్నామె మీద చిన్నచూపుతో ముఖ్యాంశాలు రాసిచ్చింది! ఆ చిన్నామె చేస్తున్నది చెయ్యాల్సిన పనే. ఊరిలోంచి వచ్చిన జనం ఆమె పక్కన కూర్చున్నారు. ఎవరూ ఆమెని లేపలేదు. ఆమె లేచి వీధిలోకి నడిస్తే, సమాధి దగ్గర ఏడవడానికి పోతోందనుకుని వెంట వెళ్ళారు తప్ప వెనక్కి లాగలేదు. ఆమె ఏడుపు చూసి ప్రభువు కూడా ఏడ్చాడు. ఇంకాసేపట్లో తమ్ముణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ముందు ఏడ్చాడు. ఆయన ఆ జనంలో, ఆ ఆచారాల మధ్య పుట్టి పెరిగినవాడు. కూర్చున్న మనిషిని ఎలా చూడాలో ఆయనకి వాళ్ళమ్మ నేర్పే ఉంటుంది. మనకే ఎవరూ నేర్పలేదు, అనుకుంది. మనం ఆయన్ని ఆయన ఇంట్లోంచి, ఆయన వాళ్ళ మధ్య నుంచి పట్టుకొచ్చి, ఏడవొద్దని చెప్పే మనిషిగా మార్చేసుకున్నాం. ఆ మనిషి పేరు చెప్పి నా చేతికి టీ పళ్ళెం ఇచ్చారు. నాకు ఏడు రోజులు ఉండేవి. ఎవరో వచ్చి నాకు అన్నం పెట్టాల్సింది. నా పక్కన నోరు మూసుకుని కూర్చోవాల్సింది. ఆ ఏడు రోజులూ నాకు రావాల్సినవి. నా దగ్గర్నుంచి లాక్కున్నారు, నేను ఇంకో ముగ్గురి దగ్గర్నుంచి లాక్కున్నాను.

కూర మాడింది. అత్తగారు ముందుగదిలోంచి, "అమ్మాయ్, ఆ వాసనేంటి?" అని కేకేసింది.

ఆ సాయంత్రం ఆమె కాగితాలు ఇచ్చింది. అయ్యగారు చదివి, కళ్ళజోడు తీసి, చిన్నపిల్లల్ని చూసినట్టు చూశారు.

"ఇదేంటోయ్, అలిగింది అని చెప్పమంటే ఆచారం అని రాశావు?"

"అలగలేదండీ. వాళ్ళ పద్ధతే అది. మాస్టారు రాశారు, చూడండి. ఏడు రోజులు..."

"అవి యూదుల ఆచారాలు. ధర్మశాస్త్రం కింద ఉన్నవాళ్ళకి. మనం కృప కింద ఉన్నాం."

"ప్రభువు కూడా యూదుడే కదండీ. ఆయన కూడా ఏడ్చాడు కదా."

"ఆయన ఏడ్చింది వాళ్ళ అవిశ్వాసం చూసి." ఎర్ర పెన్ను తీసి రెండు పేజీలు అడ్డంగా కొట్టేశారు. "వాక్యం రాసిపెట్టమంటే చరిత్ర రాసిపెడితే ఎలా? ఆ పుస్తకాలు చదివి చదివి నీకు బుర్ర వేడెక్కింది. కాసేపు పడుకో. అన్నట్టు, రేపు ఆరాధన అవగానే ఆ టైలరమ్మ దగ్గరికి వెళ్ళు. నువ్వు చెబితేనే లేస్తుంది. నేను పెద్దల్ని తీసుకుని వెనకాల వస్తాను, ప్రార్థన చేసి ముగించేద్దాం."

ఏం ముగించేద్దాం అని అడగాలనుకుంది. మాడిన గిన్నె నానబెట్టాల్సి ఉంది. వెళ్ళి నానబెట్టింది.

ఆదివారం ప్రసంగం బ్రహ్మాండంగా జరిగిందన్నారు. అయ్యగారు మూతి ముడుచుకుని, చేతులు కట్టుకుని, బల్ల పక్కన చతికిలబడి చిన్నామె అలక నటించి చూపించారు. పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళూ నవ్వారు. ముందు వరసలో ఆమె వెనక్కి తిరిగి చూసింది. తమ్ముణ్ణి పోగొట్టుకుని నేల మీద కూర్చున్న మనిషిని చూసి, రెండు వందల మంది నవ్వుతున్నారు. తరవాత టీ వచ్చింది. "మా ఇంట్లో ఉన్నది పెద్దామె!" అన్నారు అయ్యగారు. ఆమెని లేచి నిలబడమన్నారు. ఆమె నిలబడింది. పదమూడేళ్ళుగా కాళ్ళకి అలవాటైన పని, ఆమెని అడక్కుండానే అవి లేచాయి.

టైలరమ్మ ఇల్లు చర్చికి నాలుగు సందుల అవతల. ముందుగదే కుట్టుపని గది. కిటికీ కింద మిషను, గోడకి మేకులకి వేలాడుతూ సగం కుట్టిన బట్టలు, ఒక్కోదానికీ గుండుసూదితో గుచ్చిన చీటీ. మూల కుర్చీలో భర్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సంఘం ఆడవాళ్ళు ఇద్దరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో నేల మీద టైలరమ్మ. గొంతు బొంగురుపోయి ఏడుపు ఇప్పుడు మూలుగులా వస్తోంది.

"అమ్మగారొచ్చారు," అంది టైలరమ్మ అత్తగారు ఊపిరి పీల్చుకుని. "ఇక లేస్తుంది. మీరు చెప్పండమ్మా, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. ఇంటికొచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు, ఎంత సిగ్గు! అమ్మగారికి కుర్చీ వేయండర్రా!"

ఆమె చెప్పులు విప్పింది. కుర్చీ దాటుకుని వెళ్ళి, టైలరమ్మకి ఎదురుగా కాకుండా పక్కన, నేల మీద కూర్చుంది.

"అయ్యో, కిందనా? చీర మాసిపోదూ?"

చెప్పాల్సిన మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. మూడిళ్ళల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు. చూడమ్మా, నేనూ తల్లినే. వాటిని అలాగే పళ్ళ బిగువున పట్టుకుంది. గోడ దగ్గర ఒకావిడ దగ్గింది. ఇంకొకావిడ, "చెప్పండమ్మగారూ," అంది మెల్లగా. ఆమె చెప్పలేదు. అత్తగారు ఒకటికి రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. మిషను మీద దారం రీలు నుంచి నల్లదారం కొస గాలికి ఊగుతోంది. ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. మాట్లాడటమంటే తప్పించుకోవడం అని అప్పుడు తెలిసింది. ఎంతసేపైందో, మూలుగు ఆగింది.

"గౌను నేనే కుట్టానమ్మగారూ," అంది టైలరమ్మ, నేలకేసి చూస్తూ. "దానికి. కొలతలు తీసుకుందామంటే చెయ్యి ఆడలేదు. పాత గౌను పెట్టి కత్తిరించాను. నీలం రంగంటే ఇష్టం దానికి. కుట్టి, ఇస్త్రీ చేసి, వేసేటప్పుడు చూశాను. అంచు లోపల నాలుగు వేళ్ళ మడత ఉంచేశానమ్మా. ఎదిగే పిల్ల కదా, ఎప్పుడూ ఉంచుతాను. వచ్చే ఏడు విప్పుకోవచ్చని."

గోడ దగ్గర నిలబడ్డ ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా నేల మీదికి జారి కూర్చున్నారు.

టైలరమ్మ మొదటిసారి తల తిప్పి ఆమెకేసి చూసింది. ఆ చూపులో ఏ ఎత్తిపొడుపూ లేదు. బట్టలు కుట్టే మనిషి ఇంకో తల్లిని అడిగే మామూలు ప్రశ్న.

"మీ పాపకి ఏం వేశారమ్మగారూ?"

ఆమె నోరు తెరిచింది. జ్ఞాపకంలో వెతుక్కుంది. పెట్టె గుర్తుంది, మెడ దాకా కప్పిన తెల్లదుప్పటి గుర్తుంది, దువ్విన జుట్టు గుర్తుంది. పాపిడి ఎడమవైపు తీశారు, పాపకి కుడివైపు తియ్యాలి. అది కూడా గుర్తుంది. దుప్పటి కింద ఏముందో...

"నాకు తెలీదు," అంది.

టైలరమ్మకి అర్థం కాలేదు.

"నాకు తెలీదమ్మా. మా అత్తయ్యా వాళ్ళూ వేశారు. ముందుగదిలో తలుపేసి వేశారు. నేను అప్పుడు వంటింట్లో టీ పెడుతున్నాను. తరవాత అడుగుదామనుకున్నాను, అడిగితే ఏడుపొస్తుందని అడగలేదు. మూడో రోజుకి బట్టలన్నీ మూటకట్టి ఎవరికో ఇచ్చేశారు. ఉన్నవాటిలో ఏది లేదో చూసుకుందామన్నా... పసుపుదా, పువ్వుల గౌనా, స్కూలు బట్టలా, ఏం వేసుకుని వెళ్ళిందో నాకు తెలీదు. నా బిడ్డకి నేను గౌను తొడగలేదు. అరవై మందికి టీ ఇచ్చాను."

అప్పుడు వచ్చింది. పదకొండు నెలల నుంచి ఎక్కడ ఉందో, కడుపులోంచి ఒక్కసారిగా తన్నుకుని వచ్చింది. అది తన గొంతేనా అని భయపడేంత గట్టిగా ఏడ్చింది. టైలరమ్మ జరిగి దగ్గరికి వచ్చి, ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని, తనూ ఏడ్చింది. మూల కుర్చీలోంచి భర్త లేచి, ఆ కుర్చీ గోడవారకి జరిపేసి, కూతురు పోయాక మొదటిసారి భార్య పక్కన నేల మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు.

ఇద్దరు సంఘ పెద్దల్ని వెంటబెట్టుకుని అయ్యగారు వచ్చేసరికి ఇల్లంతా నేల మీద ఉంది. నిలబడి ఉన్నది ఒక్క అత్తగారే, ఆవిడకి కూడా ఏం చెయ్యాలో తోచక కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. రెండు వందల మంది ముందు నిలబెట్టి చూపించిన మనిషి, గంట తిరక్కుండా, జుట్టు ముడి ఊడిపోయి, కళ్ళు వాచి, ఎవరి ఒళ్ళోనో ఉంది. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏంటిది?" అన్నారు అయ్యగారు గొంతు తగ్గించి. "నిన్ను ఓదార్చమని పంపితే..." వెనక్కి ఓసారి చూసి, నవ్వు తెచ్చిపెట్టుకుని, ఎప్పటి మెత్తటి గొంతు తెచ్చుకున్నారు. "సరేలే, జరిగిందేదో జరిగింది. లే. మొహం కడుక్కుని, పెద్దలు వచ్చారు, కాస్త టీ పెట్టు."

ఆమె తలెత్తి చూసింది. కాళ్ళు కదలలేదు, ఈసారి వాటిని ఆమె అడిగింది, అవి కూర్చుంటామన్నాయి. చెంపలు తుడుచుకోలేదు.

"కూర్చుంటే మీరూ కూర్చోండి," అంది. "మా పాప పోయి నాకు ఇవాళ మొదటి రోజండీ. ఇంకా ఆరు రోజులు నేను లేవను."